స్వామి గదికి బజ్జీ నూనె

ఎడారిలో చలేమిటని మన ఊళ్ళలో నవ్వుతారు. ఖతార్ వచ్చిన మొదటి ఏడాది నేనూ స్వెట్టరు తెచ్చుకోలేదు. డిసెంబరులో ఉత్తరపు గాలి మొదలయ్యాక అల్ వక్రా బజారుకు వెళ్ళి కొనుక్కున్నాను. సముద్రపు ఒడ్డున, పక్కపక్కనే ఇళ్ళున్న మా వీధిలోనే అలా ఉంటే, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ పట్టణం దాటాక గాలికి అడ్డం ఒక్క చెట్టయినా లేని రాతినేల మీద, రేకు గదిలో పడుకునే మనిషి సంగతి వేరే చెప్పాలా. పోయిన చలికాలమంతా నేను ఆ మనిషి గురించే ఆలోచించాను. ఇప్పుడు ఆలోచించడం లేదు. అలా ఆలోచించకుండా ఉండగలగడం ఎంత సుఖమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా వీధి చివర ఒక ఖతారీ కుటుంబం ఉంది. వాళ్ళ ఇంటి డ్రైవరుది రాజంపేట దగ్గరి పల్లె. నేను చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికలో జిల్లాల వార్తలు దిద్ది, ఇప్పుడిక్కడ ఒక కంపెనీకి ప్రకటనలూ కరపత్రాలూ రాసిపెడుతున్నాను. సాయంత్రాలు టీ కొట్టు దగ్గర అతనూ నేనూ కలుస్తుంటాం. ఆ కుటుంబానికి షమాల్ అవతల ఒక ఇజ్బా ఉంది. ఇజ్బా అంటే గొర్రెలూ మేకలూ పావురాలూ పెంచుకునే దొడ్డి. సెలవు రోజుల్లో యజమానులూ వాళ్ళ చుట్టాలూ అక్కడికి వచ్చి టీ కాచుకుని, మాంసం కాల్చుకుని, చీకటి పడ్డాక వెళ్ళిపోతారు. మిగతా రోజులన్నీ అక్కడ ఉండేది ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి. సైటు పనికని వచ్చి, కంపెనీ పని అయిపోయాక ఈ ఇంటి వీసా మీదికి మారాడు. గొర్రెలతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు మరిచిపోతానేమోనని భయంగా ఉందని నాతో మొదటిసారి అన్నాడు. అన్నాక గంటసేపు ఆపకుండా మాట్లాడాడు.

శుక్రవారాల్లో డ్రైవరు పికప్‌లో గడ్డిమోపులూ నీళ్ళ డబ్బాలూ కూరగాయలూ వేసుకుని ఇజ్బాకు వెళ్తాడు. తోడు రమ్మంటే నేనూ ఎక్కుతాను. అలా వెళ్ళిన ఒక శుక్రవారం, రెండేళ్ళ కిందటి చలికాలంలో, మొదటిసారి ఆ మనిషి గదిలోకి తొంగిచూశాను. కిటికీ సందులన్నీ గోధుమరంగు టేపుతో మూసేసి ఉన్నాయి. తలుపు కింద పాత కంబళి ముక్క కుక్కి ఉంది. మంచం పక్కన పెయింటు డబ్బా, దాని నిండా చల్లారిన బొగ్గులు.

డెస్కులో కూర్చున్న రోజుల్లో ఇలాంటి గది గురించిన వార్త ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోటి నుంచి వచ్చేది. ఊళ్ళు మారేవి గానీ వార్త మారేది కాదు. తలుపు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నారు. పొద్దున ఎవరో తలుపు కొడితే పలకలేదు. నిప్పులు ఎర్రగా కాలుతుంటే పొగ రాదు. పొగ లేదు గనక ప్రమాదం లేదనుకుంటారు. ప్రాణం తీసే వాయువు కంటికి కనపడదు, వాసనా ఉండదు. ఆ మాటే అతనితో చెప్పాను.

"పొగ మొత్తం పోయినంకనే లోపటికి తెస్త సారూ," అన్నాడు. "నేనేం పిచ్చోన్నా?"

సరిగ్గా ఆ మాటే నాకు భయం. పోనీ టేపు పీకెయ్యమంటే, చలికి చచ్చేకంటే అదే నయమన్నాడు. విద్యుత్ హీటరు పెట్టడానికి అక్కడ కరెంటు లేదు. పైకప్పు మీద సోలారు పలక ఉంది. అది పగలంతా నింపిన బ్యాటరీతో ఒక లైటు, ఒక ఫ్యాను, సెల్‌ఫోను నడుస్తాయి. అంతకు మించి కాదు.

ఆ చలికాలం ఎలాగో గడిచింది. తరవాతి చలికాలానికి ముందు డ్రైవరు చిన్న యజమానికి విషయం చెప్పాడు. చిన్న యజమాని అంటే ఆ ఇంటి పెద్దాయన కొడుకు. ఇంజనీరు. ఆఫీసు పని అయ్యాక చేతులకు మసి అంటకపోతే తోచని రకం. ఇజ్బాలో ఒక మూల రేకుల షెడ్డు వేసుకుని, హోటళ్ళలో వాడి పారేసే వంటనూనెతో డీజిలు తయారుచేస్తుంటాడు. నూనెను వడగట్టి, వేడిచేసి, అందులో మిథనాలూ కాస్టిక్ సోడా కలిపి ఒక పీపాలో వదిలేస్తే, రెండు పొరలుగా విడిపోతుంది. అడుగున జిగటగా గ్లిజరిన్. పైన తేనెరంగులో బయోడీజిలు. దాన్ని నీళ్ళతో కడిగి ఆరబెడితే ఇంజన్లో పోసుకోవచ్చు. ఇక్కడి బంకుల్లో డీజిలు డబ్బాల్లో పొయ్యమంటే పొయ్యరు, దానికి అనుమతులు కావాలి. ఇజ్బాలో నీళ్ళ మోటారు నడపడానికి చిన్న యజమాని ఈ పని మొదలుపెట్టాడు.

ఆయన వెంటనే ఒక చిన్న హీటరు తెచ్చాడు. దూరం వెళ్ళే లారీల్లో డ్రైవర్లు పడుకునే చోట పెడతారే, అలాంటిది. చెప్పుల పెట్టె అంత ఉంటుంది. గది బయట డబ్బాలో నూనె పోస్తే, సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా లాక్కుని లోపల మండిస్తుంది. పొగ గొట్టం గోడకు కన్నం చేసి బయటికి పెట్టారు. గదిలోకి వచ్చేది వెచ్చటి గాలి మాత్రమే. దాని చిన్న ఫ్యానూ పంపూ తిరగడానికి సోలారు బ్యాటరీ చాలు. బిగించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మండుతున్న చప్పుడు విని, గోడ బయట పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని, ఆ సాయంత్రం పికప్‌లో తిరిగొస్తూ హాయిగా నిద్రపోయాను. దారి పొడుగునా గురక పెట్టానని డ్రైవరు ఇప్పటికీ అంటాడు.

డిసెంబరు వచ్చింది. ఒక గురువారం సాయంత్రం టీ కొట్టు దగ్గర డ్రైవరు గ్లాసు పట్టుకుని, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"అన్నా, ఇజ్బాలో ఆయప్ప హీటరు ముట్టించడంలేదంట. చిన్న యజమాని పోయి చూస్తే నూనె డబ్బా నిండుగా అట్లనే ఉందంట."

"మరి చలికి ఏం చేస్తున్నాడు?"

"అదే నేనూ అడిగినా. ఏం లేదు స్వామీ, ఏం లేదు స్వామీ అంటాడు."

నూనె పేరుకుందనుకున్నాను. ఇక్కడి హోటళ్ళలో ఎక్కువగా పామాయిలే వాడతారు. దానితో చేసిన డీజిలు చలికి కొబ్బరినూనెలాగే పేరుకుంటుందని చిన్న యజమాని మొదటే చెప్పాడు. గొట్టంలో పేరుకుంటే హీటరు అందుకోదు. కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టినట్టు డబ్బాను ఎండలో పెట్టించాలి, అంతే కదా అనుకుంటూ మర్నాడు బయల్దేరాను. అతను 'స్వామీ' అన్నాడని డ్రైవరు చెప్పిన మాట చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు.

ఇజ్బా గేటు తీసిన మనిషి నల్లబట్టల్లో ఉన్నాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, నుదుట విభూతి, కాళ్ళకు చెప్పుల్లేవు. గడ్డం పెరిగింది. మెడలో మాల కాలరు లోపలికి దోపుకుని ఉంది.

"స్వామి శరణం," అన్నాడు.

అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని ఎవరైనా స్వామీ అనే పిలవాలి, అతనూ అందర్నీ స్వామీ అనే పిలవాలి. వారం వారం అరే ఒరే అనుకునే డ్రైవరూ ఇతనూ ఆ రోజు గౌరవంగా తిట్టుకోవడం చూశాను.

"ఏం స్వామీ, హీటరుకు ఏం రోగం?" అన్నాడు డ్రైవరు.

"రోగమేం లేదు స్వామీ. మీరైతే గడ్డి దించుండ్రి."

నేను వెనక్కి వెళ్ళి నూనె డబ్బా మూత తీసి చూశాను. ఎండకు తేటగా, పల్చగా ఉంది. గొట్టంలోనూ ఎక్కడా పేరుకోలేదు. స్విచ్చి వేశాను. టిక్కు టిక్కుమని పంపు కొట్టుకుంది, కాసేపటికి లోపల మంట అందుకుంది. హీటరుకు ఏ లోపమూ లేదు. వెనక్కి తిరిగేసరికి గది గోడ పక్కన ఇసుకలో తెల్లటి బూడిద కుప్ప కనపడింది. గాలికి పొర పొరగా లేస్తోంది. దాని పక్కన అదే పెయింటు డబ్బా.

మనిషి కళ్ళముందే గొర్రెలకు నీళ్ళు పెడుతూ తిరుగుతున్నాడు. నేరుగా అతని దగ్గరికి వెళ్ళాను.

"హీటరు పెట్టుకుని మళ్ళీ బొగ్గులెందుకు?" అన్నాను.

అతను బకెట్టు దించి, నేలవైపు చూస్తూ చెప్పాడు. "గా హీటరు ముట్టిస్తె నీసు వాసన సారు స్వామీ."

నీసు అంటే మాకు నీచు. మాంసం, చేప, గుడ్డు, వాటి వాసన, అవి వండిన గిన్నె, అన్నీ ఆ ఒక్క మాటలోకి వస్తాయి. నేను ముక్కుతో గాలి పీల్చాను. నిజమే. వాడిన నూనెతో చేసిన డీజిలును ఎంత కడిగినా, మండేటప్పుడు అది ఏ పొయ్యి మీద కాగిందో ఆ వాసన కొంచెం వస్తుంది. చిన్న యజమాని నూనె తెచ్చేది స్నేహితుడి హోటలు నుంచి. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా కోళ్ళే వేయిస్తారు. పొగ బయటికే పోతున్నా, ఉత్తరపు గాలి దాన్ని తలుపు సందులోంచి మళ్ళీ లోపలికి తోస్తోంది. ఆ రేకు గది బయట నిలబడితే వేయించిన కోడి వాసన గుప్పుమంటోంది.

"గా నూనెల కోళ్ళు ఏంచిండ్రు, చాపలు ఏంచిండ్రు," అన్నాడతను. "మూలకు స్వామి ఫోటో పెట్టుకున్న. పొద్దుమాపు దీపం పెడుతున్న. మాలల ఉండి గా వాసన పీల్చుకుంట పండాల్నా? తెల్లారకముందు సన్నీళ్ళ తానం చేసి వస్తె పండ్లు గట్టగట్ట కొట్టుకుంటయి స్వామీ, నాకు మాత్రం వెచ్చగ ఉండాలని లేదా?"

"అది ఇప్పుడు నూనె కాదయ్యా," అన్నాను. "మందులు కలిపి, కాచి, కడిగి, వేరే పదార్థం చేశారు."

"కోడికూరను కడిగితె పప్పు ఐతదా స్వామీ?"

డ్రైవరు గడ్డిమోపు మీద కూర్చుని నవ్వాడు. "అయితే స్వామీ, నువ్వు ముట్టించే బొగ్గులు యా బస్తావి? షేకులు మేకను కాల్చుకునే బస్తావే కదా?"

"బొగ్గులకేం నీసు? కట్టె కాలితె బొగ్గైతది. మేకను కాల్చే కుంపటి నేను ముట్టలె. అందుకే పెయింటు డబ్బ పెట్టుకున్న."

అతను అన్నీ ఆలోచించే చేశాడు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి చెబితే నమ్మడు. పోయిన చలికాలం ఏమీ కాలేదు కదా అంటాడు. మాల తీసేదాకా చాలా రోజులున్నాయి, చలి ఇంకా ముదురుతుంది. పోనీ మామూలు డీజిలు తెద్దామంటే బంకులో డబ్బాలో పొయ్యరు. పికప్‌లోంచి తీసిద్దామా అంటే అది తాగేది పెట్రోలు. అతిథుల గదికి మందపాటి గోడలున్నాయి, అక్కడ పడుకోమంటే అక్కడి తివాచీ మీద కూర్చునే మాంసం తింటారన్నాడు. దారులన్నీ నీసు దగ్గరే ఆగిపోతున్నాయి.

అప్పుడు డ్రైవరు అన్నాడు. "యా నూనె అయితే నీకు పనికొస్తాది స్వామీ? చెప్పు. మిరపకాయ బజ్జీలు కాల్చిన నూనె అయితే?"

గొర్రెపిల్ల ఒకటి వచ్చి బకెట్టులో తల పెడితే అతను తోసేశాడు. "గురుస్వామిని అడుగుత," అన్నాడు.

గురుస్వామి కొండ మీదో గుడిలోనో లేడు. ఇక్కడే ఒక క్యాంపులో ఉంటాడు, క్రేన్ నడుపుతాడు. ఈ దేశంలో మాల వేసుకునే వాళ్ళకు చాలామందికి ఆయనే పెద్ద. శుక్రవారం కాబట్టి ఫోను వెంటనే ఎత్తాడు. ఇతను స్పీకరులో పెట్టి సంగతంతా చెప్పాడు. అవతల వెనకాల ఎవరో టీవీ చూస్తున్న చప్పుడు.

"మంచినూనేనా?" అని అడిగాడు గురుస్వామి. తెలంగాణలో వంటనూనెను మంచినూనె అంటారు.

"మంచినూనెనే స్వామీ. బజ్జీలు ఏంచింది."

"నీసు తాకలే కదా?"

"తాకలే అంటున్నరు."

"ఉల్లిగడ్డ ఏస్తరు కదా బజ్జీలల్ల," అన్నాడు గురుస్వామి. టీవీ చప్పుడు తగ్గించమని వెనకాల ఎవరికో చెప్పాడు. "ఉల్లిగడ్డ తినేటందుకు వద్దు. కాలవెట్టేటందుకు ఏముంది. మంచినూనె కాలుతున్నదంటె అది దీపం లెక్కనే. పెట్టుకో. బొగ్గులు మాత్రం లోపట పెట్టకు స్వామీ, మా క్యాంపుల కూడ బంద్ జేసిండ్రు. పాణం బాగుంటెనే మాల."

ఆయన చెప్పింది నేను చెప్పినదే. కానీ నేను చెప్పినప్పుడు అది పేపరు మాట, ఆయన చెప్పినప్పుడు మాల మాట. నాకు ఏ బాధా లేదు. ఎవరు చెబితే ఏం, వింటే చాలు.

నూనె వచ్చేదాకా ఏం చెయ్యాలన్నది మిగిలింది. డ్రైవరు వెళ్ళి బొగ్గుల బస్తా తెచ్చి పికప్‌లో వేశాడు. చిన్న యజమాని గోదాములోంచి మూడు దళసరి దుప్పట్లు తీసిచ్చాం. కింద చాప మీదే పడుకోవాలి గానీ, కప్పుకోవడానికి నియమం లేదు. ఇంక బొగ్గులు ముట్టించనని మాట ఇమ్మని అడిగాను.

"ఇంక మాటెందుకు సారు స్వామీ," అన్నాడు. "బస్తనే పట్కపోతిరి."

ఆ బస్తా ఇప్పటికీ మా బాల్కనీలోనే ఉంది.

మర్నాడు మెట్రో ఎక్కి అల్ దోహా అల్ జదీదాకు వెళ్ళాను. అక్కడ దుకాణాల వెనక సందులో ఒక తెలుగు టిఫిను హోటలుంది. సాయంత్రం నాలుగైతే మిరపకాయ బజ్జీల కోసం జనం వీధిలోకి నిలబడతారు. వంటమనిషిది తణుకు వైపు. వాడిన నూనె ఇమ్మనగానే చేతిలో జల్లిగరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎందుకండి? మళ్ళీ వంటలోకా అండి? అలాంటివి మేం చెయ్యవండి."

"వంటకు కాదు. హీటరులోకి."

"నూనెతో గది వెచ్చబెడతారా అండి?" అని పక్కవాడి వైపు తిరిగి, "ఏవోయ్, ఇన్నావా?" అన్నాడు.

సంగతి చెప్పాను. మాల అనగానే అతని ముఖం మారింది. వాడిన నూనె తీసుకెళ్ళడానికి ఒక కంపెనీ బండి వస్తుందట. యజమానిని ఫోనులో అడిగి, ఒక డబ్బాకు ఒప్పుకున్నాడు. నాకు ఒక అనుమానం మిగిలింది.

"గుడ్డు బజ్జీ వేస్తారా ఇందులో?"

"మా ఓనరుకి గుడ్డు పేరెత్తితే గిట్టదండి. గుడ్డు కావాలంటే ఆ పక్క మలయాళీ హోటలుకెళ్ళండి." అని, ఇంకేదో గుర్తొచ్చినట్టు గరిటె పైకెత్తి, "ఆ స్వామికి చెప్పండి, ఇందులో మిరపకాయా, అరటికాయా, వంకాయా తప్ప ఇంకోటి మునగలేదండి," అన్నాడు. డబ్బా మూత తనే బిగించి, పైన గుడ్డ కట్టి ఇచ్చాడు. దాంతో పాటు ఒక పొట్లం బజ్జీలు. అవి మెట్రోలో తినకూడదు కాబట్టి స్టేషను బయటే నిలబడి తిన్నాను.

చిన్న యజమానికి ఇదంతా ఎలా చెప్పాలా అని అనుకున్నాం. నీసు అన్న మాటకు అరబ్బీ ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. డ్రైవరే తనకొచ్చిన పద్ధతిలో చెప్పాడు. "బాబా, హీ సియామ్. చికెన్ స్మెల్, హిమ్ హరామ్." సియామ్ అంటే ఉపవాసం. చిన్న యజమాని నవ్వలేదు. కాసేపు గడ్డం గోక్కుని, ఎన్నాళ్ళు ఉంటుందని అడిగాడు. ఇంకో నెల అన్నాం. నెల ఉపవాసమంటే ఆయనకు వేరే వివరించాల్సిన పని లేకపోయింది. పాత పీపా పక్కకు దొర్లించి, కొత్త పీపా బయటికి తీశాడు. వడపోత గుడ్డ కూడా మార్చాడు. గరాటును సబ్బుతో రుద్ది, ఎండకు ఎత్తి చూసి, "నదీఫ్," అన్నాడు. శుభ్రం అని.

"మా ఇంట్లో మడికి కూడా ఇంత కడగరన్నా," అని డ్రైవరు నా చెవిలో అన్నాడు.

ఆ వారం నాకు కష్టంగా గడిచింది. రోజూ పొద్దున లేవగానే ముఖం కూడా కడక్కుండా ఫోను చేసేవాణ్ని. అతను ఎత్తగానే, "స్వామి శరణం," అనేవాడు. వెనక మేకల అరుపులు. అంతే, పెట్టేసేవాణ్ని. ఒకరోజు రెండుసార్లు చేసినా ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "తానం జేస్తున్న స్వామీ, ఫోన్ బట్టలల్ల ఉంటదా?" అని విసుక్కున్నాడు. ఆ విసుగు ఎంత తియ్యగా వినిపించిందో. చలి మాత్రం ముదురుతోంది. మా బాల్కనీలో బొగ్గుల బస్తాను చూసినప్పుడల్లా, ఇంకో బస్తా దొరకడం అతనికి ఏమంత కష్టమని అనిపించేది. షమాల్ బజారులో ఎక్కడపడితే అక్కడ అమ్ముతారు. అతను మాట మీద నిలబడ్డాడని నమ్మడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు.

శుక్రవారం వెళ్ళేసరికి నూనె తయారుగా ఉంది. మొదటిదానికంటే లేతరంగు. కాస్త పసుపు. అది చూసి డ్రైవరు, "శనగపిండి అన్నా, శనగపిండి," అన్నాడు. చిన్న యజమాని హీటరు డబ్బాలోని పాత నూనెంతా తీయించి, గొట్టం కూడా మార్పించాడు. కొత్తది పోశారు. మూత పెట్టేముందు ఆ మనిషి వంగి వాసన చూశాడు.

స్విచ్చి వెయ్యమన్నాం. అతను వేయలేదు. గదిలోకి వెళ్ళి, మూలనున్న ఫోటో ముందు నువ్వులనూనె దీపం వెలిగించి, దండం పెట్టుకుని, బయటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అప్పుడు వేశాడు. పంపు కొట్టుకుంది. కాసేపు తెల్లటి పొగ వచ్చింది. తరవాత పొగ పోయి, వేడి మిగిలింది. గాలి మళ్ళి మా వైపు కొట్టింది. ముగ్గురం ఒకేసారి ముక్కులెత్తాం.

మిరపకాయ బజ్జీ. ఏ అనుమానమూ లేదు. సాయంత్రం పూట బస్టాండు బయట తోపుడుబండి దగ్గర నిలబడితే ముఖానికి కొట్టే వాసన. చిన్న యజమాని కూడా పీల్చి, ఇదేదో తినేదే కదా అన్నట్టు మా ముఖాలు చూశాడు.

"ఏం స్వామీ, నీసేనా?" అన్నాడు డ్రైవరు.

అతను చాలాసేపు పీల్చాడు. గది లోపలికి వెళ్ళి అక్కడ పీల్చాడు, మళ్ళీ బయటికొచ్చాడు. "కాదు," అన్నాడు. తరవాత కొంచెం సిగ్గుపడుతూ, "గని ఆకలైతది స్వామీ ఇట్లైతె," అన్నాడు.

"ఒక పూటే భోజనం కదా నీకు. అనుభవించు," అన్నాడు డ్రైవరు.

కిటికీ టేపు మేమే పీకేశాం. హీటరు ఉన్నా గాలి ఆడాలని చిన్న యజమాని చెప్పాడు. ఈసారి అతను అడ్డు చెప్పలేదు. ఒకచోట టేపుతో పాటు రంగు కూడా ఊడొచ్చింది.

మర్నాడు పొద్దున నేను ఫోను చేసేలోపే అతనే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "సారు స్వామీ, తెల్లారంగ హీటరు కొండెక్కింది. డబ్బల నూనె ఒడిసింది. మల్ల పోసిన. మంచిగ నిద్రపట్టింది."

దీపం ఆరిందని మన వాళ్ళు అనరు, కొండెక్కిందంటారు. గురుస్వామి దీపం లెక్కనే అన్న దగ్గర్నుంచి అతనికి అది హీటరు కాదు, దీపమే. పంపు గొట్టం దగ్గర చెప్పులు విడవనివ్వడు. స్విచ్చి ఆపేముందు దండం పెడతాడట. నూనె డబ్బాను కాలితో తన్నబోయిన మేకపిల్లను కూడా స్వామీ అని బతిమాలి పక్కకు తోశాడని డ్రైవరు చెబుతాడు. అది కొంత డ్రైవరు కల్పన అయి ఉండొచ్చు. ఆ మెసేజిని మాత్రం నేను మళ్ళీ మళ్ళీ విన్నాను. కొండెక్కింది హీటరు మాత్రమే. మనిషి కింద, మేకల మధ్య, బాగా నిద్రపోయి లేచాడు.

సంక్రాంతి దాటాక క్యాంపులో గురుస్వామి చేతుల మీదుగా మాల తీశాడు. గడ్డం గీయించుకుని చూస్తే చిన్నవాడిలా ఉన్నాడు. ఆ శుక్రవారం డ్రైవరు అతని కోసమని ఇంట్లో వండించిన కోడికూర డబ్బా తెచ్చాడు. తిని చేతులు కడుక్కున్నాక, ఇక ఆ కోళ్ళ నూనే పోసుకోవచ్చు కదా అని అడిగాను.

"పోసుకోవచ్చు సారూ. గిప్పుడు ఏదైతేంది," అన్నాడు. చాలా రోజుల తరవాత మళ్ళీ సారూ అన్నాడు. "గని బజ్జీ నూనె మంచిగుంది."

"నీసు అని కాదా?" అన్నాడు డ్రైవరు. అరే అనడానికి మళ్ళీ స్వేచ్ఛ వచ్చింది అతనికి. "ఒరే, నిజం చెప్పరా."

"ఊరి బస్టాండుల పండుకున్నట్టు ఉంటది," అన్నాడతను.

తణుకు వంటమనిషి ఇప్పుడు ఒక డబ్బా పక్కకు తీసి ఉంచుతున్నాడు. మొన్న ఒక ఆదివారం ఆఫీసులో పని ఎక్కువై, మధ్యాహ్నం భోజనానికి లేచేదాకా ఫోను చూసుకోలేదు. అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ పొద్దున అతనికి ఫోను చెయ్యలేదని. అంతకుముందు రోజూ చెయ్యలేదు. గాబరాగా ఫోను తీశాను. అతని దగ్గర్నుంచి ఏ మెసేజీ లేదు. రోజూ పొద్దున పెట్టే మెసేజి అతనూ మరిచిపోయాడు.

ఫోను బోర్లించి పక్కన పెట్టి, అన్నం కలుపుకున్నాను.